అమ్మ పాట, నాన్న శ్రుతిపెట్టె

మొన్న అమ్మ సంవత్సరీకానికి తెనాలి వెళ్ళాను. భోజనాలయ్యి ఎవరి మటుకు వాళ్ళు నడుం వాల్చాక అక్క అమ్మ ట్రంకుపెట్టె తీసింది. పైన రెండు పట్టుచీరలు, వాటి కింద అట్ట ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకం. అమ్మ పాటల పుస్తకం. తెరవగానే మరువం వాసన. జడలో పెట్టుకున్న మరువం రెబ్బ వాడిపోతే పారెయ్యడానికి అమ్మకి మనసు ఒప్పేది కాదు, పుస్తకంలో పెట్టేసేది. ఇప్పుడు ముట్టుకుంటే పొడి అయిపోతున్నాయి కానీ వాసన మాత్రం అలాగే ఉంది. ఆ వాసన తగలగానే అమ్మ గొంతు వినిపించింది నాకు.

అమ్మకి శ్రుతి నిలిచేది కాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇంత వయసు రావలసి వచ్చింది. మా ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎప్పుడూ పైకి అనలేదు.

*

గంగానమ్మపేటలో మా ఇల్లు. పొద్దున్నే ముందు పాలవాడి సైకిల్ బెల్లు, తర్వాత చేతిపంపు చప్పుడు, ఆ తర్వాత రేడియోలో భక్తిరంజని. విజయవాడ కేంద్రం. రేడియో వంటింటి గూట్లో ఉండేది, దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ కవరు. భక్తిరంజని మొదలవ్వగానే అమ్మ గొంతు కలిపేది. చేత్తో మజ్జిగ చిలుకుతూ, కంటితో కుంపటి మీద పాలు చూస్తూ, రేడియోలో ఆవిడెవరో పాడుతున్న పాటకి ఒక అడుగు పైనో ఒక అడుగు కిందో పాడేది. ఒక్కోసారి రెండు వాక్యాల పాటు అచ్చంగా కలిసిపోయేది, అప్పుడు కవ్వం ఆగిపోయేది. కళ్ళు మూసుకుని ఆ కాసేపు అలాగే కూర్చునేది. మళ్ళీ పాట ఒకవైపు, అమ్మ ఒకవైపు.

అమ్మ పుట్టింట్లో పాట నేర్పించలేదు. అడిగితే, పెళ్ళయ్యాక మీ ఆయన ఒప్పుకుంటే నేర్చుకో అన్నారట. పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే నాన్నని అడిగిందట. నాన్న కోఆపరేటివ్ బ్యాంకులో క్యాషియరు, అసలే మాటలు తక్కువ. ఆ వారంలోనే మాస్టారిని మాట్లాడుకుని వచ్చాడట.

నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ మాస్టారు ఇంకా వస్తున్నారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం. సైకిల్ అరుగుకి ఆనించి, కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చునేవారు. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, ఆపైన కీర్తనలు. అమ్మకి సాహిత్యం ఒక్కసారికే వచ్చేసేది, తాళం ఎప్పుడూ తప్పేది కాదు. స్వరం మాత్రం ఎక్కడ పెట్టాలో అక్కడ పడేది కాదు, పడినా నిలిచేది కాదు, పాట నడుస్తున్నకొద్దీ కొంచెం కొంచెంగా పైకి జరిగిపోతూ ఉండేది. మాస్టారు మంచివారు. అబద్ధం చెప్పేవారు కాదు, బాధ పెట్టేవారూ కాదు. "అమ్మా, మీకు భావం ఉందండీ" అనేవారు. ఆ మాట అమ్మ వారం రోజులు తలుచుకునేది.

*

దసరా బొమ్మల కొలువు అంటే మా ఇంట్లో ఒక కచేరీ కిందే లెక్క. మిగతా ఇళ్ళల్లో పేరంటాళ్ళని పాడమని బతిమాలాలి, మా ఇంట్లో అమ్మే పాడేది. పొద్దున్నే తలంటుకుని, మధ్యాహ్నం నుంచి మిరియాల కషాయం తాగి, సాయంత్రానికి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని కొలువు పక్కన కూర్చునేది. పక్కన, పాటకి ఆధారంగా ఒకే స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతిపెట్టెతో నాన్న. పేరంటంలో మగవాళ్ళు కూర్చోరు కదా, వీధిలో అందరి నాన్నలూ అరుగుల మీద ఉండేవాళ్ళు. మా నాన్న ఒక్కడే తెల్లపంచె కట్టుకుని, ఆడవాళ్ళ మధ్య తల వంచుకుని, శ్రుతిపెట్టె తిత్తి ఊదుతూ కూర్చునేవాడు.

ఎవరిని పిలవాలో నాన్నే చూసుకునేవాడని చాలాకాలం తర్వాత అక్క చెప్పింది. బొట్టు పెట్టి పిలవడానికి అక్కని పంపేటప్పుడు కొన్ని ఇళ్ళ దగ్గర "వాళ్ళని రేపు పిలుద్దాం లేమ్మా" అనేవాడట. ఆ "రేపు" అమ్మ పాడని రోజు. వెక్కిరించే నోళ్ళు ఏవో నాన్నకి తెలుసు.

అయినా ఒకటి రెండు నవ్వులు వినపడేవి. పైట అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయిలు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునే పెద్దవాళ్ళు. నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. స్కూల్లో ఒకడు మా అమ్మ రాగం తీసి చూపించాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఏడు కొలువు రోజున పాట మొదలవుతుండగా లేచి వీధి వైపు కిటికీ రెక్కలు మూసేశాను. అమ్మ చూసింది. పాట ఆపలేదు. నాన్న కూడా చూశాడు, ఆ చూపు నేను మర్చిపోలేదు.

నేను గమనించింది ఇంకొకటి ఉంది. శ్రుతిపెట్టె మీద మామూలుగా ఒకసారి మీటలు పెట్టుకుంటే ఇంక చెయ్యి కదలక్కర్లేదు. నాన్న వేళ్ళు మాత్రం ఊరికే ఉండేవి కావు. పాట మధ్యలో మీటల మీద ఏదో చేస్తూ ఉండేవాడు. పాతపెట్టె కదా, గాలి లీకవుతోందేమో అనుకునేవాణ్ణి.

*

చాలా ఏళ్ళు గడిచాయి. ఉద్యోగం నన్ను న్యూజెర్సీ తీసుకెళ్ళింది. ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. 2016 వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. అమ్మకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు, బయటికి పెద్దగా వచ్చేది కాదు. ఒక శనివారం సినిమాకి తీసుకెళ్దామనుకున్నాను. 1944 నాటి న్యూయార్క్, సంగీతం, మెరిల్ స్ట్రీప్ అని చదివి టికెట్లు కొన్నాను, అంతకుమించి చూసుకోలేదు. సినిమా పేరు 'ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెంకిన్స్'.

మొదట్లోనే కార్నెగీ హాల్లో లిలీ పోన్స్ అనే గాయని పాడుతూ ఉంటుంది, ఫ్లోరెన్స్ పై బాక్సులో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుని వింటూ ఉంటుంది. 'లాక్మే' అనే ఫ్రెంచ్ ఒపేరాలో పాట అది. కథ మన దేశంలోనే జరుగుతుంది, నీలకంఠుడనే బ్రాహ్మణుడి కూతురు కథ, లక్ష్మి అనే పేరునే వాళ్ళు లాక్మే అన్నారు అని అమ్మ చెవిలో చెప్పాను. "మన కాటుక డబ్బా పేరా?" అంది. అవును, 1952లో టాటాలు ఆ కంపెనీ పెట్టినప్పుడు పేరు ఆ ఒపేరా నుంచే తీసుకున్నారు. అమ్మ సంతోషంగా ముందుకు జరిగి కూర్చుంది. ఆ పాట విని ఫ్లోరెన్స్ తనూ మళ్ళీ పాఠాలు మొదలుపెడతానంటుంది. పియానో వాయించడానికి కాస్మే మెక్‌మూన్ అనే కుర్రవాడు వస్తాడు. సంగీతం గురువు ఎదురుగా ఆవిడ నోరు తెరుస్తుంది.

హాలంతా గొల్లుమంది.

నా అరచేతులు చెమట పట్టేశాయి. ఎంత పని చేశాను అనిపించింది. లేచి బయటికి వెళ్దామందామా అంటే అది ఇంకా దారుణం. తెరమీద మెక్‌మూన్ నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాడు, మా ముందు వరసలో వాళ్ళు సీట్లలో పడి నవ్వుతున్నారు, నేను తల తిప్పకుండా ఓరగా అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వడం లేదు, బాధపడుతున్నట్టూ లేదు. కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. అటుపక్క నాన్న కదలకుండా కూర్చున్నాడు.

ఆ తర్వాత సినిమాని నేను ఇంకోలా చూశాను. ఆవిడ భర్తలా ఉండే సెయింట్ క్లెయిర్ బేఫీల్డ్ పాత్ర హ్యూ గ్రాంట్ వేశాడు. కచేరీకి ఎవరు రావాలో అతనే ఏరుతాడు. పత్రికల వాళ్ళని మంచి చేసుకుంటాడు. అతనికి ఇంకో ఇల్లు, ఇంకో మనిషి ఉన్న సంగతి కూడా సినిమా దాచదు, అయినా రాత్రి ఫ్లోరెన్స్ నిద్రపోయే వరకూ పక్కన కూర్చుని పద్యాలు చదివే వెళ్తాడు. కార్నెగీ హాలు కచేరీ మర్నాడు ఒక పత్రికలో ఘోరంగా రాస్తే, ఆవిడ కంట పడకూడదని ఆ చుట్టుపక్కల దొరికిన కాపీలన్నీ కొనేస్తాడు. ఆ సీనులో నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆగ్నెస్ అని ఒక పాత్ర ఉంది. ఒక డబ్బున్నాయన పెళ్ళాం, గట్టిగా మాట్లాడే మనిషి. మొదటి కచేరీలో నవ్వు ఆపుకోలేక ఆమెని బయటికి తీసుకెళ్ళిపోవాల్సి వస్తుంది. కార్నెగీ హాల్లో సైనికులు ఫ్లోరెన్స్‌ని గేలి చేస్తుంటే ఆ ఆగ్నెసే లేచి నిలబడి వాళ్ళని తిట్టిపోసి చప్పట్లు కొట్టిస్తుంది. నాకు గొంతు పట్టేసింది. నేను కిటికీ మూశాను కానీ ఎప్పుడూ లేచి నిలబడలేదు.

*

కార్లో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కాక అమ్మ వెనకసీట్లోంచి అంది.

"ఆవిడకి తెలియదంటావా?"

"ఏంటమ్మా?"

"తనకి పాట రాదని."

సినిమా ప్రకారం తెలియదమ్మా, పత్రిక చదివాకే తెలిసింది, అందరూ ఇన్నాళ్ళూ నవ్వుతున్నారా అని కుప్పకూలిపోయింది కదా, అన్నాను.

"తెలిసే ఉంటుందిరా," అంది అమ్మ. "పాడేవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? ముందు మన చెవికే కదా తెలిసేది."

నేను రోడ్డు వైపే చూస్తూ డ్రైవ్ చేశాను. నాన్న పక్కసీట్లో ఉన్నాడు, అటు తిరిగి కిటికీలోంచి చూస్తున్నాడు.

"మరి ఎందుకు పాడినట్టు?" అన్నాను చివరికి. అడగాలనుకుని అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"పాడకపోతే ఎలా?" అంది అమ్మ. అంతే. తర్వాత ఇంటికెళ్ళి ఉప్మా చెయ్యనా, అన్నం ఉందా అని అడిగింది.

*

ఆ రాత్రి కూర్చుని ఫ్లోరెన్స్ గురించి దొరికినంతా చదివాను. 1868లో పెన్సిల్వేనియాలో విల్క్స్-బ్యారీ అనే ఊళ్ళో పుట్టింది. చిన్నప్పుడు పియానో బాగా వాయించేది. తండ్రి డబ్బున్న లాయరు, సంగీతం చదువుకి పంపడానికి ఒప్పుకోలేదు. డాక్టర్ జెంకిన్స్‌ని చేసుకుంటే అతని వల్ల సిఫిలిస్ అంటుకుంది, అప్పట్లో దానికి పాదరసం, ఆర్సెనిక్ తప్ప మందు లేదు. అతన్ని వదిలేసింది, పేరు మాత్రం ఉంచుకుంది. చేతికి దెబ్బ తగిలి పియానో కూడా పోయింది. 1909లో తండ్రి పోయాక ఆస్తి చేతికొచ్చింది, అప్పటికి నలభై దాటాయి. ఆస్తి వచ్చాక మొదలైంది పాట. 1917లో వెర్డీ క్లబ్ పెట్టింది, రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో ఏడాదికోసారి తనవాళ్ళ ముందు పాడేది. రెక్కలు కట్టుకుని పాడిన ఫోటో ఉంది, చూడండి, ఆ కళ్ళల్లో ఎంత నమ్మకమో. 1941లో సొంత ఖర్చుతో మెలోటోన్ స్టూడియోలో రికార్డులు చేయించింది, వాటిలో ఆ లాక్మే పాట కూడా ఉంది. టాక్సీకి ప్రమాదం జరిగి అరిచినప్పుడు ఇదివరకు అందని పైస్వరం అందిందని ఆ డ్రైవరుకి సిగార్ల పెట్టె పంపిందని చెబుతారు. ఇది మర్నాడు పొద్దున అమ్మకి చెబితే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, అది వేరే నవ్వు.

1944 అక్టోబర్ 25న కార్నెగీ హాల్లో పాడింది. 76 ఏళ్ళు. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. అయిదు రోజుల తర్వాత గుండెపోటు వచ్చింది, నవంబర్ 26న పోయింది. నాకు పాడటం రాదని అనొచ్చు గానీ నేను పాడలేదని ఎవరూ అనలేరు, అన్న అర్థం వచ్చే మాట ఆవిడ పేరు మీద నిలిచిపోయింది, సినిమాలో చివర ఆ మాటే అంటుంది.

రికార్డులు కూడా విన్నాను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. మొదటిసారి ఆవిడ గొంతు విన్నాను, రెండోసారి పియానో విన్నాను. ఆవిడ లయ వదిలేసి పరిగెత్తితే మెక్‌మూన్ పరిగెత్తాడు, ఆగితే ఆగాడు. అంత ఓర్పుగా ఎవరైనా వాయించగా నేను వినలేదు. సినిమాలో కూడా మెక్‌మూన్ పాత్ర వేసిన సైమన్ హెల్‌బర్గ్ నిజంగానే వాయించాడు, ఫ్లోరెన్స్‌గా వేసిన స్ట్రీప్ షూటింగ్‌లోనే పాడింది, తర్వాత అతికించినది కాదు. ఆ పాత్రకి ఆమెకి ఇరవయ్యో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. తప్పుగా పాడటానికి కూడా ఎంత తెలిసుండాలో కదా.

*

తర్వాతి ఆదివారం అమ్మే అడిగింది, ఆ హాలు ఇక్కడికి ఎంత దూరం అని. మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్ళాం. 57వ వీధి, సెవెన్త్ ఎవెన్యూ మూల. ఇటుక రంగు భవనం, 1891లో కట్టింది. లోపలికి వెళ్ళడానికి ఆ రోజు కుదరలేదు. అమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఎమ్మెస్ పాడింది ఇక్కడే కదూ?" అంది. అవును, 1977లో పాడారు, ఆ రికార్డు మా ఇంట్లో ఉండేది.

"ఆవిడా ఇక్కడే, ఈవిడా ఇక్కడే," అంది.

టాక్సీల హారన్లు, పక్కన ఎక్కడో రోడ్డు తవ్వుతున్న చప్పుడు, దారిన పోయేవాళ్ళు మా పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు. అమ్మ చేతిసంచీ నాన్నకిచ్చి, చీరకొంగు భుజం మీదుగా కప్పుకుని, మోహనలో కీర్తన ఒకటి పల్లవి ఎత్తుకుంది. గొంతు అప్పటికే వణుకుతోంది. శ్రుతి ఎక్కడో మొదలై ఎక్కడికో వెళ్ళింది. నాన్న సంచీ గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు, కుడిచెయ్యి వేళ్ళు సంచీ మీద కదులుతున్నాయి. నేను ఈసారి ఎక్కడికీ కదల్లేదు. పల్లవి అయిపోయాక చప్పట్లు కొట్టాను. అటుగా వెళ్తున్న ఒక నల్లజాతి పెద్దావిడ కూడా ఆగి చప్పట్లు కొట్టి వెళ్ళింది, అమ్మ ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

*

అమ్మ పోయి ఏడాది. ఆఖరి రోజుల్లో పాట పాడే ఊపిరి లేదు, పెదాలు మాత్రం కదిలేవి, దుప్పటి మీద వేళ్ళతో తాళం పడేది.

అక్క కూతురు సంగీతం నేర్చుకుంటోంది. పిల్లకి మంచి గొంతు, ఎవరి పోలికో తెలియదు. ఆ ట్రంకుపెట్టె అడుగున శ్రుతిపెట్టె దొరికితే నాకు కావాలంది. తిత్తి తోలు చీలిపోయి ఉంది. నేనే విజయవాడ తీసుకెళ్ళాను, హార్మోనియాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి. ఆయన పైచెక్క ఊడదీసి, రీడ్లు ఒక్కొక్కటీ గోటితో మీటి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇది ఎవరు వాయించేవారండీ?"

"మా నాన్నగారు. మా అమ్మ పాడుతుంటే."

"ఆవిడ ఏ శ్రుతికి పాడేవారు?"

"అయిదు," అన్నాను. శ్రుతులకి అంకెలే పేర్లు. మాస్టారు చెప్పిన మాట అది, నాకు గుర్తుంది.

ఆయన పెట్టె నా వైపు తిప్పి చూపించాడు. "చూడండి. అయిదుకి పాడేవాళ్ళ పెట్టె అయితే ఆ ఒక్క మీటా దాని పంచమమూ అరగాలి. ఇందులో అయిదు అరిగింది, అయిదున్నర అరిగింది, ఆరు అరిగింది, దాని పైది కూడా అరిగింది. నలుగురు వాడారా?"

లేదండీ, ఒక్కరే అన్నాను. ఇత్తడి మీటల మీద మెరుగు పోయి నున్నగా గుంట పడిన చోట్లు వరసగా కనిపిస్తున్నాయి. తెల్లపంచె కట్టుకుని తల వంచుకుని కూర్చున్న నాన్న, ఊరికే ఉండని ఆ వేళ్ళు. ఒక మీట మెల్లగా మూసి, పక్కది మెల్లగా తెరిచి, అమ్మ ఎక్కడికి జరిగితే శ్రుతిని అక్కడికి తీసుకెళ్ళేవాడు. గాలి లీకవడం కాదు.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అడుగుదామనుకున్నాను, నాన్న గొంతు వినేసరికి అడగలేకపోయాను. తోలు కొత్తది వేస్తారట, రేపటికి ఇస్తారట, రీడ్లు మార్చేదేమైనా ఉంటే చెప్పమన్నారు అన్నాను.

నాన్న కాసేపు ఆగి అడిగాడు. "ఆరు సరిగ్గా పలుకుతోందా? అది ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా అందుకునేది."